సెంటర్లో సీసీ కెమెరా: కొనే డబ్బు ఒకరిది, నడిపే భారం ఇంకొకరిది

క్లుప్తంగా: ఊరి సెంటర్లలో, చౌరస్తాల్లో నిఘా కెమెరాలకు కేంద్రం, రాష్ట్రం, మున్సిపాలిటీ, ఎమ్మెల్యేల నిధులు, వ్యాపారుల విరాళాలు ఇలా చాలా దారుల్లో డబ్బు వస్తోంది. అందులో ఎక్కువ భాగం కొనుగోలుకే సరిపోతుంది. వారంటీ తీరాక నెట్ బిల్లు, రిపేర్లు, చూసే మనుషుల జీతాలు ఎవరు భరించాలన్న దగ్గరే చిక్కు వస్తోంది. బ్రిటన్ ముప్పై ఏళ్ల కిందే ఈ దారి పట్టి, తరువాత ఇదే చిక్కులో పడింది. కెమెరాలతో నేరాలు తగ్గే మాట కొంతవరకు నిజమే. అయితే ఆ ఫలితం స్థలాన్ని బట్టి, తెర వెనుక కూర్చున్న మనిషిని బట్టి మారుతుంది.

కెమెరా ఉంది, ఫుటేజీ లేదు

బజార్లో మెడలో గొలుసు తెంపుకుపోతారు. సరిగ్గా అక్కడే స్తంభం మీద కెమెరా ఉంటుంది. పోలీసులు వెళ్లి చూస్తే ఆ రోజు రికార్డింగే ఉండదు. జిల్లా పేజీలు చదివేవాళ్లకు ఇలాంటి వార్త కొత్త కాదు. ఆ వెంటనే మొదలయ్యే వాదన కూడా పాతదే. పోలీసులు మున్సిపాలిటీని చూపిస్తారు, మున్సిపాలిటీ కాంట్రాక్టరును చూపిస్తుంది, కాంట్రాక్టరు తనకు రావాల్సిన బిల్లుల లెక్క తీస్తాడు.

ఇందులో ఎవరిది నిర్లక్ష్యమన్నది ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది. కానీ ఇన్ని ఊళ్లలో ఒకే కథ నడుస్తోందంటే, కెమెరాకు నిధి మంజూరైన తీరులోనే తేడా ఉందని అనుమానించాలి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది

హైదరాబాద్ ఉదాహరణ తీసుకుంటే దాదాపు అన్ని దారులూ అక్కడే కనిపిస్తాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. ఆ ప్రాంతంలో కెమెరాలు ఏ స్థితిలో ఉన్నాయన్నది అప్పట్లో పెద్ద చర్చ అయింది. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది, లేదా రోజు మొత్తంలో ఐదు వందల మంది వచ్చిపోయే దుకాణాలు, ఆస్పత్రులు, హాళ్లు, ప్రార్థనా స్థలాల వంటివి సొంత ఖర్చుతో కెమెరాలు పెట్టుకోవాలి, 30 రోజుల రికార్డింగ్ దాచాలి, అడిగితే పోలీసులకు ఇవ్వాలి. పాటించకపోతే జరిమానా వేసే అధికారం, అప్పటికీ వినకపోతే సీలు వేసే అధికారం ఆ చట్టంలో ఉన్నాయి. భద్రత ఖర్చులో పెద్ద భాగాన్ని బడ్జెట్‌లో చూపకుండా వ్యాపారుల మీదికి మళ్లించిన చట్టం ఇది.

ఆ తరువాత వచ్చిన ‘నేను సైతం’ కార్యక్రమం ఇంకో అడుగు వేసింది. కాలనీ సంఘాలు, అపార్టుమెంట్ల కమిటీలు, వ్యాపారులు డబ్బు పోగుచేసి వీధి కెమెరాలు పెట్టిస్తే పోలీసులు వాటిని తమ వ్యవస్థకు కలుపుకుంటారు. ప్రారంభోత్సవాన దాతలకు శాలువాలు కప్పుతారు. దేశంలో పోలీసు వ్యవస్థల లెక్కలోకి వచ్చిన కెమెరాల్లో సగానికి పైగా ఒక్క తెలంగాణలోనే ఉన్నట్టు కేంద్ర గణాంకాలు చూపాయంటే, ఆ ఘనతలో ఎక్కువ భాగం ఈ విరాళాలదే.

సర్కారు డబ్బు వచ్చే దారులు వేరు. ఢిల్లీ ఘటన తరువాత 2013 బడ్జెట్‌లో వెయ్యి కోట్లతో మొదలైన నిర్భయ నిధి నుంచి ఎనిమిది మహానగరాలకు ‘సేఫ్ సిటీ’ పథకం వచ్చింది. అందులో హైదరాబాద్‌కు ఖరారైన మొత్తం 282.50 కోట్లు. ఇందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు (కెమెరాల దృశ్యాలన్నీ ఒకేచోట చూసే కేంద్రం) దాదాపు 600 కోట్లు అయిందని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఇది రాష్ట్ర ఖజానా డబ్బు.

చిన్న నగరాలకు స్మార్ట్ సిటీ మిషన్ అక్కరకొచ్చింది. విశాఖపట్నం, తిరుపతి, కాకినాడ, వరంగల్, కరీంనగర్ వంటి చోట్ల కమాండ్ సెంటర్లు ఆ డబ్బుతో వచ్చినవే. ఆ జాబితాలో లేని మున్సిపాలిటీలకు మిగిలింది సాధారణ నిధులు, ఎమ్మెల్యేల నియోజకవర్గ అభివృద్ధి నిధులు, దాతలు. ఒక నరసరావుపేటలోనో, ఒక జగిత్యాలలోనో మెయిన్ బజారు కెమెరాల వెనక ఉండేది ఇలాంటి అతుకుల బొంత లెక్కే.

కొనడం సులువు కావడానికి కారణం

ప్రభుత్వ పద్దుల్లో ఆస్తిని సృష్టించే ఖర్చు వేరు, రోజువారీ నడిపే ఖర్చు వేరు. కేంద్ర పథకాలు మొదటిదానికి ఉదారంగా ఇస్తాయి. స్తంభం కనిపిస్తుంది, ఫొటో దిగవచ్చు, ‘పని పూర్తయింది’ అని ఫైలు మూయవచ్చు. రెండోది ఏటా తిరిగొచ్చే ఖర్చు. దానికి కొబ్బరికాయ కొట్టేవాళ్లు ఉండరు.

మున్సిపాలిటీ చేతిలో స్వేచ్ఛగా వాడుకునే డబ్బు తక్కువ. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పట్టణాలకిచ్చిన గ్రాంట్లలో పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టిపడేశారు. మిగిలిన 40 శాతం నుంచి జీతాలు ఇవ్వడానికి వీల్లేదన్నారు. కెమెరా ముందు కూర్చునే ఆపరేటరుకు ఇవ్వాల్సింది మరి జీతమే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫుటేజీ వాడేది పోలీసులు. శాంతిభద్రతలు రాష్ట్రం పని, పోలీసులకు జీతం ఇచ్చేది హోం శాఖ. స్తంభం మాత్రం మున్సిపాలిటీ రోడ్డు మీద ఉంటుంది, కరెంటు మున్సిపాలిటీ మీటరు నుంచి వెళ్తుంది. ఒకరికి ఉపయోగం, ఇంకొకరికి బిల్లు. ఈ లెక్క రాతపూర్వకంగా తేల్చుకోకుండా మొదలైన చోట కెమెరాలు ముందుగా మూలపడతాయి.

ఒక కెమెరా ఏం తింటుంది

జనం మాటల్లో కెమెరా ధరే ఖర్చు. నిజానికి అందులో అది చిన్న భాగం. మామూలు రెండు మెగాపిక్సెల్ కెమెరా పాత కంప్రెషన్ (వీడియోను కుదించే) పద్ధతిలో సెకనుకు నాలుగు మెగాబిట్ల డేటా పంపుతుందనుకుంటే, రోజుకు 43 జీబీ అవుతుంది. చట్టం చెప్పిన 30 రోజులు దాచాలంటే ఒక్క కెమెరాకు దాదాపు 1.3 టీబీ (1,300 జీబీ) కావాలి. రెండు వందల కెమెరాలున్న పట్టణానికి 260 టీబీ. కొత్త కంప్రెషన్ వాడితే సగానికి తగ్గుతుంది గాని, అప్పుడు రికార్డరూ కొత్తదే కావాలి. హార్డ్ డిస్కులు రాత్రింబవళ్లు తిరిగేవి, కొన్నేళ్లకు మార్చక తప్పదు. మార్చకపోతే డిస్కు ఎప్పుడు ఆగిందో కూడా తెలియదు. తెర మీద లైవ్ బొమ్మ వస్తూనే ఉంటుంది, వెనక మాత్రం ఏదీ దాచబడదు. ‘కెమెరా పనిచేస్తోంది సార్, రికార్డింగ్ లేదు’ అనే జవాబు వెనక చాలాసార్లు ఉండే కారణం ఇదే.

స్తంభం మీది పెట్టె తెరిస్తే చిన్న స్విచ్, పవర్ సప్లై, ఫైబర్ వైరును మామూలు వైరుకు కలిపే కన్వర్టర్, కొన్నిచోట్ల యూపీఎస్ బ్యాటరీ కనిపిస్తాయి. మే నెల ఎండకు ఆ ఇనుప పెట్టె లోపల ఎంత వేడెక్కుతుందో ఊహించవచ్చు. బ్యాటరీ ముందుగా పోతుంది. ఆపైన కరెంటు పోయిన ప్రతిసారీ కెమెరా కూడా పోతుంది. పిడుగు పడితే కన్వర్టర్ కాలుతుంది. తాగునీటి పైపు కోసమో డ్రైనేజీ కోసమో రోడ్డు తవ్వితే ఫైబర్ తెగుతుంది. ఆ తవ్వేది చాలాసార్లు అదే మున్సిపాలిటీలోని ఇంకో విభాగం. ఇక లెన్స్ మీద దుమ్ము, సాలెగూడు, వర్షాకాలం తరువాత అడ్డం పెరిగిన చెట్టుకొమ్మ, పండక్కి కట్టిన ఫ్లెక్సీ. ఇవన్నీ చిన్న పనులే. అయితే నిచ్చెన, ఇద్దరు మనుషులు, ఒక బండి నెలనెలా కావాలి.

టెండర్లో ఏఎంసీ, అంటే ఏటా నిర్వహణ ఒప్పందం, మూడేళ్లకో ఐదేళ్లకో ఉంటుంది. ఆ గడువు లోపల ఏ కెమెరా ఎన్ని గంటలు పనిచేసిందో లెక్క రాసి, పనిచేయని గంటలకు బిల్లులో కోత పెట్టే షరతు ఉంటే కాంట్రాక్టరు పరుగెత్తుతాడు. అది లేకుండా ‘సంఖ్య’కు మాత్రమే డబ్బిచ్చే టెండర్లో స్తంభాలు లేచిన రోజే అతని ఆసక్తి తీరిపోతుంది. ఈ ఒక్క షరతు చూస్తే చాలు, ఆ ఊరి కెమెరాలు నాలుగో ఏట ఎలా ఉంటాయో చాలావరకు చెప్పేయవచ్చు.

బ్రిటన్ అనుభవం

పట్టణ కూడళ్లలో కెమెరాలకు సర్కారు డబ్బు పెద్దఎత్తున పెట్టిన తొలి దేశం బ్రిటన్. 1985లో సముద్రతీర పట్టణం బోర్న్‌మత్‌లో వీధి కెమెరాలు వచ్చాయి. ఆ తరువాత కొన్నేళ్లు పెద్దగా కదలిక లేదు. 1993 ఫిబ్రవరిలో లివర్‌పూల్ దగ్గరి బూటిల్‌లో రెండేళ్ల జేమ్స్ బల్జర్‌ను ఇద్దరు పిల్లలు షాపింగ్ సెంటర్ నుంచి చేయి పట్టుకుని తీసుకెళ్లి చంపారు. ఆ నడక కెమెరాలో రికార్డయింది, దేశమంతా టీవీలో చూసింది. కెమెరా ఆ పసివాణ్ని కాపాడలేదు. అయినా ఆ మసక బొమ్మే కెమెరాలకు జనం మద్దతు తెచ్చిపెట్టింది.

1994 నుంచి హోం శాఖ పోటీ పద్ధతిలో నిధులు ఇచ్చింది. పట్టణాలు దరఖాస్తు చేసుకోవాలి, స్థానికంగా కొంత వాటా చూపాలి. 1999 వరకు 585 పథకాలకు 3.85 కోట్ల పౌండ్లు వెళ్లాయి. ఆ తరువాతి విడతలో, 2003 వరకు, 680కి పైగా పథకాలకు 17 కోట్ల పౌండ్లు ఇచ్చారు. ఒక దశలో నేర నివారణ బడ్జెట్‌లో నాలుగింట మూడొంతులకు పైగా కెమెరాలకే పోయింది. పోటీ పద్ధతిలో ఒక లోపం ఉంది. అవసరం ఎక్కువున్న ఊరి కంటే దరఖాస్తు బాగా రాయగలిగిన ఊరికి డబ్బు ముందుగా దక్కుతుంది.

ఆ నిధులు కొనుగోలుకు వచ్చినవి. నడిపే బాధ్యత స్థానిక కౌన్సిళ్లది. కెమెరాలు నడపాలని కౌన్సిళ్లను నిర్బంధించే చట్టమేదీ లేదు. 2010 తరువాత బ్రిటన్ కేంద్ర ప్రభుత్వం గ్రాంట్లకు కోత పెట్టినప్పుడు, చట్టం తప్పనిసరి చేసిన వృద్ధుల సంరక్షణ వంటివి ఉంచి, మిగతావాటి మీద కత్తెర పడింది. 2016లో లండన్ నడిబొడ్డున ఉన్న వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ తన 75 వీధి కెమెరాలను ఆపేసింది. పాతబడిన వ్యవస్థను మార్చడానికి 17 లక్షల పౌండ్లు, ఏటా నడపడానికి మరో పది లక్షల దాకా కావాలని, వాటిని ఎక్కువగా వాడుకునేది పోలీసులేనని కౌన్సిల్ వాదన. పార్లమెంటు, రాజప్రాసాదం, థియేటర్లు ఉన్న ప్రాంతం అది. అంతటి ఆదాయమున్న కౌన్సిలే చేతులెత్తేస్తే చిన్న పట్టణాల సంగతి చెప్పనక్కర్లేదు.

నేరాలు తగ్గుతాయా

ఇంత డబ్బు పోసినందుకు ఫలితం ఏమిటని బ్రిటన్ హోం శాఖే లెక్క తీయించింది. 2005లో వచ్చిన గిల్, స్ప్రిగ్స్ నివేదిక 13 పథకాలను పరిశీలించింది. కెమెరాల వల్లే నేరాలు తగ్గాయని గట్టిగా చెప్పగలిగినవి ఒకటీ అరా మాత్రమే. బాగా పనిచేసినవి కారు పార్కింగ్ స్థలాలు.

2019లో నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష కొంచెం మెరుగైన చిత్రం ఇచ్చింది. కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గాయి. పార్కింగ్ స్థలాల్లో ప్రభావం ఎక్కువ. కొట్లాటలు, దాడుల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. తాగి, కోపంలో చేయి ఎత్తేవాడు పైన కెమెరా ఉందా అని చూడడు. బండి తాళం పగలగొట్టేవాడు చూస్తాడు. ఇంకో ముఖ్యమైన విషయం, ఎవరో ఒకరు కూర్చుని లైవ్‌లో చూసి, వెంటనే పోలీసు బండి పంపే చోట్ల ఫలితం బాగుంది. వట్టి రికార్డింగ్ మాత్రమే ఉన్న చోట అంత లేదు.

అమెరికాలో షికాగో నగరంలోని రెండు పేటలను పోల్చిన 2011 అధ్యయనంలో, ఒకే వ్యవస్థ, ఒకే పోలీసు శాఖ ఉన్నా హంబోల్ట్ పార్క్‌లో నేరాలు తగ్గాయి, వెస్ట్ గార్‌ఫీల్డ్ పార్క్‌లో తగ్గలేదు. ఫ్రాన్స్‌లో మున్సిపల్ కెమెరాలకు జాతీయ నిధి ఇస్తున్నా, అక్కడి ఆడిట్ సంస్థ 2020లో కెమెరాలు ఉండటానికీ నేరాల స్థాయికీ మొత్తం మీద సంబంధం తేలలేదని రాసింది.

మన దగ్గర ఇలాంటి పోలికల అధ్యయనాలు అరుదు. ‘ఒక కెమెరా వంద మంది పోలీసులతో సమానం’ అన్న మాట మాత్రం ప్రతి ప్రారంభోత్సవంలో వినబడుతుంది. ఆ పోలికకు ఆధారమేదీ చూపరు. అయితే తెలుగు పోలీసులు కెమెరాల విలువ చెప్పేటప్పుడు నివారణ కంటే దర్యాప్తునే ముందు పెడతారు. దొంగ ఏ దారిన వచ్చాడు, ఏ బండి మీద పోయాడు, ఎక్కడ చొక్కా మార్చాడు అని కెమెరా నుంచి కెమెరాకు వెంటాడి పట్టుకున్న కేసులు చాలా ఉన్నాయి. ఆ వాదనలో బలముంది. దర్యాప్తుకు పనికి రావాలన్నా మళ్లీ రికార్డింగ్ ఉండాలి, రాత్రి వెలుతురు ఉండాలి, కెమెరా గడియారం సరిగా ఉండాలి.

దుకాణం కెమెరా కోర్టుకెళ్తే

విరాళం పద్ధతి చవక అనిపిస్తుంది. దాని అసలు ఖర్చు తరువాత తెలుస్తుంది. కిరాణా కొట్టు రికార్డర్‌లో సమయం పదకొండు నిమిషాలు ముందుంటే, పోలీసులు తమ ఫోన్ టైమ్‌తో పోల్చి ఆ తేడా రాసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు నింపాలి, ఇంకో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. అలాంటి సర్టిఫికెట్ లేనిదే కాపీ తీసిన ఫుటేజీ చెల్లదని పాత చట్టం కాలంలోనే, 2020లో, అర్జున్ పండిట్‌రావ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అంటే కొట్టు యజమాని కెమెరా ఒక్కటే ఇచ్చి ఊరుకోలేడు, సాక్షి కూడా కావలసి రావచ్చు. వాయిదాలకు తిరగాల్సి వస్తుందన్న భయంతో ‘డిస్కు పోయింది’ అనేవాళ్లు ఉంటే ఆశ్చర్యపోవలసింది లేదు. ప్రభుత్వ కెమెరాకు ఈ బాధ ఉండదు, సంతకం చేసేది ఉద్యోగి. పైకి ఉచితంగా కనిపించే పద్ధతిలో సర్కారు ఆదా చేసిన ఖర్చు ఇలా పౌరుడి సమయంలోంచి వసూలవుతుంది.

దాతల డబ్బుతో ఇంకో తేడా వస్తుంది. కెమెరా ఎక్కడ కావాలో తేల్చేది నేరాల లెక్క కాకుండా చందా ఇవ్వగల స్థోమత అవుతుంది. బంగారం దుకాణాల వీధికి నాలుగు వైపులా కెమెరాలుంటాయి. కూలీ పనికి వెళ్లొచ్చే ఆడవాళ్లు రాత్రి దిగే బస్టాపుకు ఉండకపోవచ్చు.

పెట్టిన పని ఒకటి, చేసే పని ఇంకొకటి

గొలుసు దొంగల కోసమని మంజూరైన కెమెరా కొన్నేళ్లకు వేరే పనులు చేస్తుంది. హెల్మెట్ లేని బండికి ఈ-చలాన్ పంపుతుంది. ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్‌కు కలుస్తుంది. తెలంగాణ పోలీసులు 2018లో తమ సిబ్బంది వాడే టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపు సౌకర్యం చేర్చారు. దీనికి చట్టబద్ధమైన ఆధారమేదని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశారు. పాతబస్తీ ప్రాంతంలోని కాలాపత్తర్, కిషన్‌బాగ్‌ల్లో సగానికి పైగా విస్తీర్ణం కెమెరాల చూపులో ఉందని 2021లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అంచనా వేసింది.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో చెప్పింది. ఆ హక్కును పరిమితం చేయాలంటే చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, అవసరానికి మించకూడదు. నిధి మంజూరు చేసే ఫైల్లో ఈ మూడు ప్రశ్నలకు చోటుండదు. అక్కడ చూసేది ఎన్ని కెమెరాలు, ఎంత రేటు అన్నంత వరకే. తరువాత సాఫ్ట్‌వేర్ మార్పు జరిగితే అది చిన్న అప్‌గ్రేడ్ కింద వెళ్లిపోతుంది, మళ్లీ ఎవరి అనుమతీ అడగదు.

పోలీసు స్టేషన్ల లోపలి కెమెరాల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. లాకప్పుల్లో ఏం జరుగుతోందో తెలిసేలా స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ 18 నెలలు దాచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అవి పనిచేయడం లేదన్న వార్తలు చూసి 2025లో మళ్లీ అదే కోర్టు తనంతట తాను కేసు చేపట్టాల్సి వచ్చింది. జనాన్ని చూసే కెమెరాకు దాతలు దొరికినంత సులువుగా పోలీసులను చూసే కెమెరాకు దొరకరు.

ఇక వచ్చే బిల్లులు

స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. వంద నగరాల్లో 84 వేలకు పైగా కెమెరాలు పెట్టామని కేంద్రం చెప్పింది. ఇకపై వాటి నిర్వహణ ఆయా నగరాలదే. ఆ వంద నగరాల్లో చాలాచోట్ల తొలి విడత ఏఎంసీల గడువు కూడా ఈ కాలంలోనే తీరుతుంది. విశాఖ వంటి పెద్ద కార్పొరేషన్ ఆస్తిపన్నుతో నెట్టుకురాగలదు. చిన్నవాటికి అంత వెసులుబాటు లేదు.

మార్చే పరికరాల ధర కూడా పాత లెక్కలో ఉండదు. 2025 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి అయింది. పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకునే, డేటా బయటికి పంపే చవక కెమెరాలను అడ్డుకోవడం దీని ఉద్దేశం. పరీక్ష ఖర్చు చివరికి కెమెరా ధరలోనే కలుస్తుంది. పాత అంచనాలతో పాత సంఖ్యలో కెమెరాలు కొనాలనుకున్న మున్సిపాలిటీ సంఖ్యైనా తగ్గించాలి, బడ్జెట్ అయినా పెంచాలి.

పర్సనల్ డేటా రక్షణ చట్టం 2023లో వచ్చినా నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అందులోని ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే. ప్రభుత్వ సంస్థలను మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది కాబట్టి పోలీసు కెమెరాలకు పెద్ద మార్పు రాకపోవచ్చు. కాలనీ సంఘం డబ్బుతో పెట్టి, సంఘం వాట్సాప్ గ్రూపులో ఫుటేజీ తిప్పే కెమెరాలకు ఆ మినహాయింపు వర్తిస్తుందా అన్నదానికి జవాబు చెప్పాల్సింది ఆ సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులే. వాళ్లలో ఎక్కువమంది ఆ చట్టం పేరు కూడా విని ఉండరు.